తీర్పరి కాలికి కట్టు

ఊగే కుర్చీలో కూర్చున్న ఆ ఉదయానికి కుర్చీలాయన చేతిలో ఉన్న ఆస్తి ఇది: రేకుల షెడ్డు నిండా బాగు చేసి అమ్మాల్సిన పాత కుర్చీలు, వాటిలో సగానికి కాలో చెయ్యో లేదు, ముప్పై ఏళ్లుగా కూడబెట్టుకున్న 'మాట మీద నిలబడే మనిషి' అన్న పేరు, ఎంతటి బేరగాడి నోరైనా ఒక్క ముక్కతో మూయించగల భార్య, మూడు నెలల కిందట వచ్చి వెనక గదిలో దిగిన వదిన, ఆమె చంకన పెట్టుకుని తెచ్చుకున్న ఎర్ర కోడి.

వీటిలో ఏది ఎప్పుడు చేజారుతుందో అతనికి తెలుసు. కుర్చీలు పోతే కుర్చీలు వస్తాయి. భార్య ఎక్కడికీ పోదు, పొమ్మన్నా పోదు. జారిపోయే సరుకు ఒక్క వదినే.

అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. అన్నకి పెళ్లయి అప్పటికి ఆరు నెలలు. కొత్త కాపురానికి వచ్చిన వదిన, గుమ్మం పక్కన ముక్కు చీదుకుంటూ నిలబడ్డ మరిదిని చూసి, 'వీడెన్నాళ్లు ఉంటాడు' అని ఒక్కసారైనా అడగలేదు. కంచం ఇంకొకటి పెట్టింది. అతనికి పెళ్లయి వేరే కాపురం పెట్టేదాకా, పద్నాలుగేళ్లు, ఆ కంచం అక్కడే ఉంది.

వాళ్లకి పిల్లలు కలగలేదు. పోయినేడు అన్న పోయాడు. కొన్నాళ్లు ఆగి కుర్చీలాయన సామాన్ల బండి మాట్లాడుకుని వెళ్లి, "సర్దు వదినా, పోదాం" అన్నాడు. ఆవిడ సర్దలేదు. గుమ్మంలో కూర్చుని బేరం పెట్టింది.

"ఊరికే తిని కూర్చోవడం నాకు చేతకాదు చిన్నా. నా కోడి రోజూ గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు మీ ఇంటికి. అది నా వాటా. వాటా పడని రోజున నేను వెళ్లిపోతానంటే నువ్వు అడ్డం రాకూడదు. మాటిస్తావా?"

"వెళ్లి ఎక్కడుంటావు?"

"హాస్టలావిడ రమ్మంటోందిగా."

దూరపు చుట్టం ఒకావిడ ఎక్కడో పిల్లల హాస్టలు నడుపుతోంది. వంటింట్లో మనిషి కావాలని అప్పటికే రెండుసార్లు కబురు పెట్టింది. అరవై నాలుగేళ్ల వయసులో వంద మందికి సరిపడే గిన్నెలు దించే పని. కుర్చీలాయన ఇంకేం ఆలోచించకుండా మాటిచ్చేశాడు. గుడ్డుకో మనిషి ఇంట్లో ఉంటుందంటే ఇంతకన్నా చవక బేరం ఉందా అనుకున్నాడు. చవగ్గా వచ్చే సరుకును రెండుసార్లు చూసి కొనాలని నలుగురికీ చెప్పే మనిషి అతను. నలుగురికీ చెప్పడంలో పడి తనకి చెప్పుకోవడం మరిచిపోయాడు. కుర్చీ కొంటే తలకిందులు చేసి చూసేవాడు, ఆ రోజు కోడి వయసెంత అని కూడా అడగలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఉదయం వదిన అరచేతిలో గుడ్డు పెట్టుకుని వంటింట్లోకి వచ్చేది. గట్టు మీద పెట్టి "ఇదిగో" అనేది. అంతే. ఆ తరవాత ఆవిడ నడకే వేరుగా ఉండేది. సొంత ఇంట్లో తిరిగినట్టు తిరిగేది, కూరలో ఉప్పు తక్కువైతే తక్కువైందని చెప్పేది.

కోడికి తీర్పరి అని పేరు. ఏ గోల జరిగినా కాస్త దూరంగా నిలబడి, తల పక్కకి వంచి, ఒక కంటితో ఇటు, ఇంకో కంటితో అటు చూసి, తప్పెవరిదో తేలిపోయినట్టు వెళ్లిపోతుంది. అందుకని వదిన పెట్టిన పేరు.

సరే, ఊగే కుర్చీ. దాని అడుగు చెక్క చీలిపోతే కుర్చీలాయన వారం పాటు తంటాలు పడి అతికించాడు. తను కూర్చుని చూడని కుర్చీని ఇంకొకరికి అమ్మడు, అది అతని నియమం. పెరట్లో నీడపట్టున వేసుకుని కూర్చున్నాడు. ముందుకి ఊగాడు, చప్పుడు లేదు. 'భేష్' అనుకుని ఒళ్లంతా వదిలేసి వెనక్కి ఊగాడు.

కింద చల్లగా ఉందని పడుకున్న తీర్పరి అరుపుకి పక్కింటి గోడ మీది పిల్లి కూడా పారిపోయింది.

భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏం విరిగింది?"

"కాలు."

"మళ్లీనా? నిన్ననేగా అతికించారు."

"కుర్చీది కాదే. కోడిది."

ఆవిడ నోట మాట రాలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో అది రెండోసారో మూడోసారో.

వదిన కుళాయి దగ్గరి నుంచి తడి చేతులతోనే వచ్చి, కోడిని ఒళ్లోకి తీసుకుంది. కుడి కాలు కింది భాగం వేలాడుతోంది. ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది కుర్చీలాయనకి.

"ఇలా ఇవ్వు వదినా. కాళ్లు అతికించడం నా పనేగా."

షెడ్డులోంచి రెండు పల్చటి చెక్క ముక్కలు తెచ్చాడు. గరుకు కాగితంతో అంచులు నున్నగా రుద్దాడు. వదిన కోడి కళ్ల మీద తువ్వాలు కప్పి పట్టుకుంటే, తొడ నుంచి వేళ్ల దాకా కాలును సాపుగా లాగి, అటో చెక్క ఇటో చెక్క పెట్టి, గుడ్డ చుట్టి, తాడు కట్టాడు. కుర్చీ కాలికి జిగురు ఆరేదాకా ఎలా బిగిస్తాడో అలాగే, తాడులో పుల్ల దూర్చి రెండు మెలికలు తిప్పాడు. చేతి పని చక్కగా కుదిరింది. వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి, వంకర ఉందేమోనని చూశాడు. కర్రలా నిటారుగా ఉంది.

కింద దించితే తీర్పరి నిలబడబోయి పక్కకి ఒరిగిపోయింది. మళ్లీ లేచింది, మళ్లీ ఒరిగింది. కట్టిన కాలు గడియారం ముల్లులా అడ్డంగా చాపి ఉండిపోయింది.

"రేపటికి అలవాటవుతుంది," అన్నాడు కుర్చీలాయన.

"నీ పని బాగానే ఉంది," అంది వదిన నెమ్మదిగా. "కానీ నొప్పితో ఉన్న ప్రాణి గుడ్డు పెట్టదు చిన్నా. ఎల్లుండి బయల్దేరతాను. హాస్టలావిడకి ఫోను చెయ్యి."

"కాలికీ గుడ్డుకీ ఏంటి సంబంధం?"

"నువ్వు మాటిచ్చావు."

ఇచ్చాడు. మాట వెనక్కి తీసుకున్న వ్యాపారి పేరు కూడా అమ్ముకున్నట్టే. అందుకని వెనక్కి తీసుకోకుండా పక్క దారి వెతికాడు.

"మాట మాటే. అయితే వ్యాపారంలో ఇంకో న్యాయం ఉంది వదినా. ఒకరి సరుకు మన చేతిలో పాడైతే, బాగు చేసి ఇచ్చేదాకా గడువు మనది. విరగ్గొట్టింది నేను. కట్టు విప్పేదాకా నువ్వు కదలకూడదు."

వదిన అతన్ని తేరిపార చూసింది. పద్నాలుగేళ్లు పెంచిన కళ్లు అవి, ఏ మాట వెనక ఏం దాగుందో వాటికి తెలియకుండా పోదు. "సరే, గడువిచ్చాను. కానీ గుడ్డు పడని రోజుల్లో నేను ఒక్క పూటే తింటాను. అందులో బేరం లేదు."

ఆవిడ అన్నంత పనీ చేసింది. ఆ రోజూ, మర్నాడూ మధ్యాహ్నం తిని, సాయంత్రం మంచినీళ్లు తాగి లేచింది. "అక్కా, ఇదేం పంతం" అని కుర్చీలాయన భార్య రెండుసార్లు కంచం పెట్టింది. రెండుసార్లూ కంచం పెట్టినట్టే తిరిగి వెళ్లింది.

మూడో రోజుకి తీర్పరి గింజలు ముట్టడం మానేసింది. కాలి వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. కూర్చోలేదు, నిలబడలేదు, ఒక పక్కకి పడి ఉంది. వదినా మరిదీ దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లారు. ముందు ఒక మేక, రెండు కుక్కలు ఉన్నాయి. వాటి వంతు అయ్యాక డాక్టరమ్మ బుట్టలోకి చూసి, నవ్వాలో కోప్పడాలో తెలియక, కళ్లజోడు సరిచేసుకుంది.

"ఎవరు కట్టారండీ ఇది? వడ్రంగా?"

"అలాంటివాడినే," అన్నాడు కుర్చీలాయన. "ఎందుకండీ, ఎక్కడైనా వంకర పోయిందా?"

"వంకర లేదు. అదే తప్పు." డాక్టరమ్మ కత్తెరతో తాడు తెంచింది. "కోడి కాలు వంగే ఉండాలి. మీరు మోకాలు అనుకుంటున్న ఈ కీలు నిజానికి దాని మడమ. మోకాలు పైన ఈకల్లో ఉంటుంది. ఈ రెండూ మడిస్తేనే అది కూర్చోగలదు. మీరు రెంటినీ కలిపి కొయ్య చేసేశారు. పైగా ఈ మెలికలేంటి? రక్తం ఎలా దిగుతుంది?"

"కుర్చీలకి అలాగే కడతాను."

"కుర్చీకి కూర్చోవాల్సిన పని లేదు కదండీ."

ముప్పై ఏళ్లుగా కాళ్ల మీద బతికినవాడికి ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు. వదిన ముఖం పక్కకి తిప్పుకుంది. మూడు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

అదృష్టం కొద్దీ విరిగింది మడమ కింద, ఒక్కచోటే, ముక్కలు కాలేదు. డాక్టరమ్మ కీలును ఉండాల్సిన ఒంపులో ఉంచి, మెత్తటి దూది వేసి, తేలికగా కట్టు కట్టింది. మూడు వారాలు విప్పొద్దంది. కాలి మీద బరువు పడకుండా పగలు కాసేపు గుడ్డ ఉయ్యాల్లో నిలబెట్టమంది. వేళ్లు రోజూ చూడాలి, చల్లబడితే వెంటనే రావాలి. "గట్టిగా కట్టడం కాదు, సరిగ్గా కట్టడం" అని చివర్న అన్న మాట కుర్చీలాయన దారి పొడుగునా నమిలాడు.

గుడ్డ ఉయ్యాల అనగానే అతనికి షెడ్డులో ఉన్న కూర్చునే పలక ఊడిన కుర్చీ గుర్తొచ్చింది. నాలుగు కాళ్లూ గట్టివే, మధ్యలో ఖాళీ. వదిన పాత దుప్పటి ముక్క మడిచి, తీర్పరి కాళ్లకి రెండు కంతలు, వెనక ఇంకొకటి కత్తిరించింది. అతను కోడి ఎత్తు టేపుతో కొలిచి, కాళ్ల చివర్లు నేలకి తగిలీ తగలనట్టు గుడ్డను నాలుగు పక్కలా బిగించాడు. ఎదురుగా చిన్న పీట, పీట మీద రెండు డబ్బా మూతలు, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో నానబెట్టిన గింజలు. తీర్పరిని అందులో కూర్చోబెడితే ఏదో పెద్ద ఆఫీసులో అర్జీలు తీసుకునే అధికారిలా ఉంది.

"ముప్పై ఏళ్లలో మొదటిసారి కొలతలు తీసి కుర్చీ చేశారు," అంది భార్య. "అదీ కోడికి."

అప్పట్నుంచి పెరట్లో పని పంచుకున్నారు. పొద్దున అతను ఉయ్యాల కింద కాగితం మార్చి, కాలి వేళ్లు వేళ్లతో పట్టుకుని వెచ్చదనం చూసేవాడు. మొదట్లో చెంచాతో నీళ్లు తాగించాల్సి వచ్చేది. అతను చెంచా ముక్కు మీద గుద్దితే, వదిన లాక్కుని, ముక్కు పక్కన ఒక్కో చుక్కా వదిలి చూపించేది. ఎండ జరిగినకొద్దీ కుర్చీ జరపాలి. మధ్యాహ్నం దించి, చిత్రిక పట్టిన చెక్క పొట్టు పోసిన బుట్టలో పడుకోబెట్టాలి. షెడ్డులో చేసుకునే పనిని అతను పెరట్లోకి తెచ్చుకున్నాడు. వదిన పక్కనే కూర్చుని గింజల్లో రాళ్లు ఏరేది. గింజను కళ్ల దగ్గరికి తెచ్చుకుని, తిప్పి తిప్పి చూసి, గింజేనా అని వేలితో నొక్కి మరీ వేసేది.

అన్న పోయాక వాళ్లిద్దరూ అంతసేపు ఒకచోట కూర్చున్నది అప్పుడే. ఐదో రోజున కుర్చీలాయన తన దగ్గరున్న పెద్ద తురుపుముక్క బయటికి తీశాడు.

"వదినా, ఒక లెక్క చెప్తాను విను. తొమ్మిదేళ్లప్పట్నుంచి ఇరవై మూడేళ్ల దాకా. రోజుకి రెండు పూటలు. పదివేల పైన భోజనాలు పెట్టావు నాకు. నువ్వు ఇంకో పదేళ్లు ఇక్కడ కూర్చుని తిన్నా అది తీరదు. ఇంక గుడ్డు గొడవెందుకు?"

మంచి బేరం పెట్టాననుకున్నాడు. తల ఎత్తి చూస్తే వదిన చేతిలో చేట ఆగిపోయి ఉంది.

"లెక్క పెట్టి పెట్టానా నీకు అన్నం?"

"అది కాదు వదినా..."

"ఒక్క ముద్దైనా లెక్క పెట్టానా అంటున్నా. మీ అన్న తెచ్చేది చాలక నేను మంచినీళ్లతో పడుకున్న రోజులున్నాయి. అప్పుడు కూడా లెక్క పెట్టలేదు. ఇన్నాళ్లకి నువ్వు పెట్టావు. అన్నీ కలిపి ఒక అంకె చేసేశావు."

కుర్చీలాయనకి చెంప మీద కొట్టినట్టయింది. అయినా బేరాల మనిషి కదా, నోరు ఊరుకోలేదు. "మరి నువ్వు గుడ్లు లెక్క పెడుతున్నావుగా. నేను నీ చేతి అన్నం ఊరికే తినొచ్చు, నువ్వు నా ఇంట్లో తినకూడదు. ఇదెక్కడి న్యాయం?"

వదిన లేచింది. చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తీర్పరి ఉయ్యాల్లోంచి ముందు అతన్ని, తరవాత గుమ్మాన్ని చూసింది.

ఆ రోజూ ఆవిడ సాయంత్రం తినలేదు. రెండు వారాలు ఇలా నడిస్తే కోడి కాలు అతుక్కునే లోపు మనిషి మంచం పట్టేలా ఉంది. మర్నాడు పొద్దున్నే కుర్చీలాయన చొక్కా వేసుకుని వీధి మూల కొట్టుకి వెళ్లాడు. నోరు తెరవకముందే కొట్టు పెద్దాయన ఒక్క గుడ్డు తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఒకటే కావాలని ఈయనకెలా తెలిసింది అన్న ప్రశ్న వచ్చి, తొందరలో అలాగే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం తీర్పరిని బుట్టలోకి దించినప్పుడు దాని పొట్ట కింద గుడ్డు దూర్చాడు. గంట ఆగి, "వదినా, ఒకసారి ఇటు రా" అని కేకేశాడు.

వదిన గుడ్డు చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పింది. కోడిని చూసింది, మరిదిని చూసింది. "పెట్టిందే," అంది.

"నేను చెప్పలా? కాలికీ గుడ్డుకీ సంబంధం లేదని."

గుడ్డు వంటింటి గట్టు మీదికి వెళ్లింది. సాయంత్రం వదిన కంచం ముందు కూర్చుంది. తక్కువే తింది, కానీ తింది. కుర్చీలాయన ఆ నెలలో చేసిన ఏ అమ్మకానికీ అంత సంతోషపడలేదు. మర్నాడు ఇంకో గుడ్డు. ఆ మర్నాడు ఇంకోటి. దొంగతనానికి మొదటి రోజే భయం, మూడో రోజుకి అది ఉద్యోగం. ఎంతసేపట్లో పిలవాలి, ఎంత ఆశ్చర్యపోవాలి, అన్నీ చేతికి వచ్చేశాయి.

నాలుగో రోజు బుట్టలో గుడ్డు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, భార్యనీ వదిననీ పిలిచాడు. భార్య వంగి కోడిని కాస్త పక్కకి జరిపింది.

"రెండున్నాయే," అంది.

కుర్చీలాయన వంగి చూశాడు. నిజంగానే రెండు. తను ఒకటే పెట్టాడు. పెట్టింది ఒకటేనని చెప్పే వీలు లేదు. పొద్దున పొరపాటున రెండు కొన్నానా అని ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వచ్చింది.

"కుంటి కోడి రోజుకి రెండు పెడుతోంది," అంది వదిన తాపీగా. "రేపు రెండో కాలు కూడా విరగ్గొట్టు చిన్నా. నాలుగు పెడుతుంది."

కుర్చీలాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ఆ తన్నేవాడు ఎప్పుడూ బయటినుంచి వస్తాడనే అతను అనుకునేవాడు.

"రెండోది నాది," అంది వదిన. "అదే కొట్టులో కొన్నాను. నీకిచ్చాక మిగిలిన వరసలో పక్కదే ఇచ్చాడు పెద్దాయన."

"తెలిసిపోయిందా? ఎప్పుడు?"

"మొదటి రోజే." ఆవిడ బుట్ట పక్కన కూలబడింది. గొంతులో వెటకారం పోయింది. "నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఈ కోడికి ఏడేళ్లు చిన్నా. మీ ఇంటికి వచ్చాక ఇది ఒక్క గుడ్డు పెట్టలేదు. అక్కడ ఉన్నప్పుడే మానేసింది."

"మరి రోజూ పొద్దున్నే..."

"దర్జీ దగ్గర గుండీలు కుట్టేదాన్ని. కాజాలకి దారం తిప్పేదాన్ని. మధ్యాహ్నం నడకకి వెళ్తున్నానని చెప్పేదాన్ని కదా, ఆ నడక అక్కడిదాకానే. దాంతో రోజుకో గుడ్డు వచ్చేది. పొద్దున్నే మీరు లేవకముందు ఆ మూల కొట్లోనే కొని తెచ్చి బుట్టలో పెట్టేదాన్ని."

కుర్చీలాయన పీట మీద కూర్చున్నాడు. వ్యాపారి బుర్ర ఆ స్థితిలోనూ పని చేసింది. "అలాంటప్పుడు దీని కాలు విరిగితే నీకేంటి? నీ గుడ్డు నీకు వస్తుందిగా. వెళ్తానని ఎందుకన్నావు?"

వదిన కోడిని దగ్గరికి జరుపుకుంది. తీర్పరి రెక్కలు నిమురుతూ ఉండిపోయింది.

"సూది కనబడటం లేదు," అంది చివరికి. "నెల నుంచీ. దారం ఎక్కించమని దర్జీనే అడుగుతున్నా. మొన్న నాలుగు చొక్కాలకి గుండీలు వంకరగా కుడితే ఆయన ఏమీ అనకుండా విప్పుకున్నాడు. ఇంక ఎన్ని రోజులు? ఏ సాకు చెప్పి లేవాలా అని చూస్తున్నా. నువ్వు కోడి మీద ఊగావు. దాని ప్రాణం మీదికి వచ్చింది, నాకు దారి దొరికింది. పరువుగా వెళ్లిపోవచ్చనుకున్నా. కుంటి కోడి గుడ్డు పెట్టిందంటే నువ్వు నమ్మవులే అనుకుంటే, నువ్వే నన్ను నమ్మించబోయావు."

"కళ్లు కనబడనిదానివి హాస్టల్లో వంద మందికి వండుతావా?"

"గిన్నెలు పెద్దవేగా. అవి కనబడతాయి."

ఎవరూ నవ్వలేదు.

"నేను మొదటి రోజే మాట తప్పాను," అంది వదిన. "గుడ్డు కోడిదని చెప్పి కొట్టుది ఇచ్చాను. ఇంక ఏ ముఖంతో ఉండను? కట్టు విప్పాక పంపించెయ్యి."

కుర్చీలాయనకి ఇప్పుడు పెట్టడానికి బేరం లేదు. ఐదో రోజు లెక్క ఎంత దూరం వెళ్లిందో ఇంకా చెంప మీద ఉంది. భార్య వైపు చూశాడు. అమ్మకం చేజారే వేళ అతను అటువైపు చూడటం అదే మొదటిసారి.

భార్య రెండు గుడ్లూ తీసి కొంగులో వేసుకుంది. "నువ్వొచ్చిన మూడో రోజే నాకు తెలుసక్కా," అంది మామూలుగా. "పొద్దున పెట్టిన గుడ్డు పట్టుకుంటే వెచ్చగా ఉండాలి. నువ్వు తెచ్చేది రాత్రంతా కొట్లో కూర్చున్నట్టు చల్లగా ఉండేది."

"మరి అడగలేదేం?"

"ఏమని అడగను? ఒక మనిషి తల ఎత్తుకుని మా ఇంట్లో తిరుగుతుంటే, గుడ్డు వెచ్చగా లేదేమని అడిగేదాన్నా? నువ్వు వచ్చాక ఈయన కూర బాలేదని అనడం మానేశారు. నువ్వు ముందే అనేస్తావుగా. నాకు అదే హాయి." ఆవిడ లేచింది. "కోడీ గుడ్డూ మీ ఇద్దరి బేరం. అందులో నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నేను చెప్తున్నా, ఈ వంటింటి గట్టు మీద ఇంక ఎవరూ ఏమీ తెచ్చి పెట్టక్కర్లేదు. పెడితే అవతల పారేస్తా."

అని లోపలికి వెళ్లి ఆ రెండు గుడ్లూ ఉడకేసింది.

వదిన అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ సాయంత్రం తినడానికి కూర్చుంది, అంతవరకే. ఆవిడ సంచి గోడ మేకుకి అలాగే ఉంది. రోజూ పొద్దున తీర్పరి వేళ్లు చూసే మిషతో కుర్చీలాయన వెనక గదిలోకి తొంగి, ఆ సంచి లావెక్కిందా అని చూసేవాడు. ఎక్కలేదు. తగ్గలేదు. సరుకు చూపించి ధర చెప్పని మనిషితో ఏం చేయాలో అతనికి ఏ అనుభవమూ నేర్పలేదు. ఒక పని మాత్రం చేశాడు. వదిన ఒప్పుకోకముందే కళ్ల డాక్టరు దగ్గర రోజు తీసుకుని, "నా కళ్లు చూపించుకోవాలి, ఒక్కణ్ణే వెళ్లలేను" అని వెంట తీసుకుపోయాడు. అక్కడ కుర్చీలో ముందు ఆవిడనే కూర్చోబెట్టాడు. "నీకు అబద్ధం చేతకాదు చిన్నా, మానెయ్" అంది వదిన, గడ్డం ఆ యంత్రం మీద ఆనించి. మసక పొర పట్టింది, తీసేయొచ్చు అన్నారు.

ఇరవై రెండో రోజున డాక్టరమ్మ కట్టు విప్పింది. కాలు అతుక్కుంది. కొంచెం బయటికి తిరిగి అతుక్కుంది.

"నడుస్తుంది," అంది డాక్టరమ్మ. "పరిగెత్తదు."

ఇంటికి తెచ్చి పెరట్లో దించారు. తీర్పరి కాసేపు నిలబడి, తను ఎక్కడుందో ఆలోచించుకుంది. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు ఎగరేసినట్టు వేసుకుంటూ గోడ దాకా వెళ్లి, మట్టి గీకి, గీకిన కాలు మీద నిలవలేక తూలి, మళ్లీ గీకింది. కుర్చీలాయన దాన్ని చూడటం లేదు. గడువు అయిపోయింది. వదిన ఏమంటుందా అని చూస్తున్నాడు.

ఆవిడ చేతులు దులుపుకుంది.

"హాస్టలావిడకి ఫోను చెయ్యి," అంది.

"ఏమని?"

"ఇంకొకరిని చూసుకోమని. నేను రానని." గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగింది. "ఇంకో మాట. లెక్కలన్నీ నీ షెడ్డు దాకానే. ఎన్ని పూటలు పెట్టాను, ఎన్ని పూటలు తిన్నాను అని మళ్లీ నోరెత్తావో, ఈ కుంటిదాన్ని చంకనేసుకుని నడిచి వెళ్లిపోతా."

"ఎత్తను."

"మాటిచ్చావు."

"ఇచ్చాను."

ఫోను చేసి వచ్చేసరికి ఇద్దరూ భోజనాలకి కూర్చున్నారు. కుర్చీలాయన కూడా కూర్చున్నాడు. మాటిచ్చి పది నిమిషాలు కాలేదు, కానీ మనసులో లెక్క కట్టుకోవద్దని ఎవరూ అనలేదు కదా. పోయినవి: మూడు వారాల పని, కోడికి తప్ప ఎవరికీ పనికిరాని కుర్చీ ఒకటి, కాళ్ల సంగతి తనకి తెలుసన్న గర్వం. మిగిలినవి: గుడ్డు పెట్టని, పరిగెత్తని ఒక కోడి, కూరకి వంకలు పెట్టడంలో ఒకటైపోయిన ఇద్దరు ఆడవాళ్లు.

వదిన కంచం ఖాళీ అయింది. ఎవరి వైపూ చూడకుండా, ఎవరినీ అడగకుండా, గిన్నె దగ్గరికి లాక్కుని రెండోసారి వడ్డించుకుంది.

లాభం అది.